కరోనా కాలంలో పోయిన నిద్రకు ఏ దారి మేలు: అలవాట్లు, యోగనిద్ర, సీబీటీ-ఐ, మాత్రల మధ్య ఎంపిక

2021 మే నెలలో మా ఇంట్లో ప్రతి దిండు పక్కనా ఒక ఫోను ఉండేది. రాత్రి రెండు గంటలకు బంధువుల వాట్సాప్ గ్రూపులో ‘గుంటూరులో ఆక్సిజన్ బెడ్ ఎక్కడైనా ఉందా, అర్జెంట్’ అని సందేశం వచ్చేది. ఎవరో ఒకరు లేచి నాలుగు నంబర్లు పంపేవారు. మరో గంటకు ‘ఇక అవసరం లేదు’ అన్న ఒక్క మాట వచ్చేది. ఆ మాట చదివాక ఎవరికి నిద్ర పడుతుంది? ఆ రోజులు గడిచాయి, ఫోను పడకగదిలోంచి హాల్లోకి మారింది, అయినా సరిగ్గా రెండింటికి కళ్లు తెరుచుకోవడం మాత్రం నాకు మరో ఏడాదిన్నర దాకా ఆగలేదు.

ఆ ఏడాదిన్నరలో నేను తొక్కిన దారులు కొన్ని, ఇంట్లోవారు తొక్కగా చూసినవి కొన్ని ఉన్నాయి. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఏది ఎవరికి నప్పుతుందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. వాటిలో సీబీటీ-ఐ అంటే ‘కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఫర్ ఇన్సోమ్నియా’, నిద్ర గురించిన ఆలోచనలను, అలవాట్లను మార్చే మందులు లేని చికిత్స. మనం సాధారణంగా నిద్రలేమి ఎంత తీవ్రంగా ఉందో చూసి మందు వెతుక్కుంటాం, కాని చూడవలసింది అది ఎంత పాతబడిందన్నది. పది రోజుల నిద్రలేమికి పనికొచ్చేది పది నెలల నిద్రలేమికి పనికిరాదు సరికదా, ఒక్కోసారి దాన్ని మరింత ముదరబెడుతుంది.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది, నిద్రలేమి వయసు. వారానికి కనీసం మూడు రాత్రులు చొప్పున మూడు నెలలు దాటి సాగితే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమిగా లెక్కిస్తారు. ఈ గీత ఎందుకు ముఖ్యమో అమెరికన్ నిద్రా శాస్త్రజ్ఞుడు ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో సహచరులతో కలిసి ప్రతిపాదించిన నమూనా చక్కగా చెబుతుంది. కొందరికి పుట్టుకతోనే తేలికగా చెదిరే నిద్ర ఉంటుంది. దాని మీద ఒక పెద్ద దిగులు వచ్చి పడుతుంది. ఆ దిగులు తీరాక కూడా, నిద్ర కోసం మనం చేసుకున్న కొత్త అలవాట్లే నిద్రలేమిని నిలబెడతాయి. కరోనాలో జరిగింది అక్షరాలా ఇదే. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక బడి లేదు, బస్సు లేదు, చాలామందికి పొద్దున్నే లేవవలసిన పనే లేదు. రాత్రి పోయిన నిద్రను పొద్దున తొమ్మిది దాకా పడుకుని, మధ్యాహ్నం మళ్లీ నడుం వాల్చి పూడ్చుకున్నాం. ఆ వసంతంలో ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో జరిపిన ఒక సర్వేలో జనం మునుపటికన్నా ఎక్కువసేపు నిద్రపోతున్నారని, అయినా నిద్ర నాణ్యత తగ్గిందని తేలింది. పక్క మీద గడిపే సమయం పెరిగితే నిద్ర పెరిగినట్టు కాదు.

రెండవది, నిద్ర పోయేది ఏ జాములో. పడుకోగానే పట్టకపోవడం, నడిరాత్రి మెలకువ రావడం, తెల్లవారుజామున నాలుగింటికే లేచి మళ్లీ పట్టకపోవడం వేర్వేరు సంగతులు. మొదటిది తరచుగా ఆందోళనకు, లేదా వెనక్కి జరిగిపోయిన శరీర గడియారానికి గుర్తు. చివరి దానితో పాటు దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి చచ్చిపోవడం కూడా ఉంటే అది కుంగుబాటు కావచ్చు. అలాంటప్పుడు నిద్ర ఒక్కదానికే వైద్యం చేసుకుంటే సరిపోదు.

మూడవది, వెనుక మరేదైనా ఉందా. పెద్ద గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టవడం, పగలు కూర్చున్న చోటే కునికిపాట్లు ఉంటే ముందు స్లీప్ అప్నియా పరీక్ష చేయించుకోవాలి; నిద్రమాత్రలు దాన్ని మరింత ప్రమాదకరం చేయగలవు. స్టెరాయిడ్లు వాడేవారికి ఒక ప్రత్యేకమైన మాట. 2020 జూన్‌లో బ్రిటన్‌లో ‘రికవరీ’ పేరుతో జరిగిన మందుల ప్రయోగం ఫలితాలు వచ్చాక, ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వడం వాడుకలోకి వచ్చింది. అది ప్రాణాలు నిలిపిన మందే, కాని నిద్రను చెడగొట్టే మందు కూడా. అందుకే స్టెరాయిడ్‌ను వీలైనంత వరకు పొద్దున వేసుకోమంటారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ‘భయంతో నిద్రపట్టడం లేదు’ అనుకున్నవారిలో కొందరికి భయంతో పాటు ఆ మాత్ర వేళ కూడా కారణమై ఉంటుంది.

నాలుగవది, ఆపితే ఏమవుతుంది. ఈ ప్రశ్న మొదటి రోజు ఎవరూ అడగరు.

## ఒక్క చూపులో

| దారి | ఫలితం కనబడే కాలం | ఎవరికి నప్పుతుంది | అడ్డంకి | ఆపితే |
|---|---|---|---|---|
| నిద్ర అలవాట్లు సరిచేసుకోవడం | ఒకటి రెండు వారాలు | కొత్తగా మొదలైనవారికి | పాత నిద్రలేమికి ఇదొక్కటే చాలదు | నష్టం లేదు |
| యోగనిద్ర, శ్వాస సాధన | కొన్ని రోజుల నుంచి వారాలు | పడుకోగానే ఆలోచనలు ముసిరేవారికి | రోజూ చేయాలి | మెల్లగా ఫలితం తగ్గుతుంది |
| సీబీటీ-ఐ | నాలుగు నుంచి ఎనిమిది వారాలు | మూడు నెలలు దాటినవారికి | మొదటి రెండు వారాలు కష్టం. నిపుణులు తక్కువ | ఫలితం చాలామందికి నిలుస్తుంది |
| వైద్యులు రాసే నిద్రమాత్రలు | అదే రాత్రి | తట్టుకోలేని కొద్ది రోజులకు | అలవాటుపడే ప్రమాదం, పెద్దవారు పడిపోవడం | నిద్రలేమి రెట్టింపై తిరిగి రావచ్చు |
| మెలటోనిన్ | కొన్ని రోజులు | శరీర గడియారం జరిగినవారికి | దిగులు నిద్రలేమికి అంతంత మాత్రం | సాధారణంగా ఇబ్బంది లేదు |

## నిద్ర అలవాట్లు

సాయంత్రం తర్వాత కాఫీ, టీ మానడం, పడకగదిని చీకటిగా, చల్లగా ఉంచుకోవడం, ఫోను పక్కన పెట్టడం అందరికీ తెలిసినవే. కెఫీన్ సగం దిగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది కనుక, సాయంత్రం ఆరింటి స్ట్రాంగ్ కాఫీలో సగం రాత్రి పదకొండింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. వీటన్నిటిలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది ఒక్కటే: రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేచి వెలుతురులోకి రావడం. ఫోను విషయంలో తెర వెలుగు కన్నా అందులోని వార్తే ఎక్కువ చేటు చేసిందని నా అనుభవం. మరణాల అంకెలు చూసి కళ్లు మూసుకుంటే మనసు మూసుకోదు.

కాని మూడు నెలలు దాటినవారికి ఈ జాబితా ఒక్కటే ఇచ్చి పంపించడం అన్యాయం. అమెరికన్ నిద్ర వైద్యుల సంఘం కూడా దీర్ఘకాలిక నిద్రలేమికి కేవలం అలవాట్ల సలహాను చికిత్సగా ఇవ్వవద్దనే అంటుంది. అన్నీ పాటించినా నిద్ర రాకపోతే, తప్పు తనదేనన్న బెంగ ఒకటి అదనంగా చేరుతుంది.

## యోగనిద్ర, శ్వాస సాధన

బీహార్ యోగ విద్యాలయ స్థాపకులు స్వామి సత్యానంద సరస్వతి ప్రచారంలోకి తెచ్చిన యోగనిద్రలో శవాసనంలో పడుకుని, ఒక గొంతు చెబుతుండగా, కుడిచేతి బొటనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో అవయవం మీదికి ధ్యాసను తిప్పుతారు. తెలుగులో పాఠాలు సులువుగా దొరుకుతాయి, ఖర్చు లేదు, వయసుతో పని లేదు. పడుకోగానే ‘రేపు ఉద్యోగం ఉంటుందా’ అన్న ఆలోచనల రైలు మొదలయ్యేవారికి ఇది బాగా ఆనుతుంది. దీన్ని నిద్రమాత్రలా వాడుకుని, ‘ఇంతసేపు విన్నాను, ఇంకా రాలేదేం’ అని కాచుకుని కూర్చుంటే మాత్రం పని చేయదు. సాయంత్రం ఒకసారి, నిద్రతో సంబంధం లేకుండా సాధన చేసుకున్నవారికి రాత్రి అది తేలికగా అందుతుంది. కోవిడ్ తర్వాత ఆయాసం మిగిలినవారు శ్వాసను బిగబట్టే ప్రాణాయామాలు వద్దనుకుని, నెమ్మదిగా వదిలే శ్వాసతో సరిపెట్టుకోవడం మంచిది.

## సీబీటీ-ఐ

పేరు కొరుకుడు పడనిదే అయినా, పాత నిద్రలేమికి అన్నిటికన్నా గట్టి ఆధారాలున్న దారి ఇదే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో, యూరప్ నిద్ర వైద్యులు 2017లోనూ మళ్లీ 2023లోనూ, దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రలకన్నా ముందు దీన్ని ప్రయత్నించాలని చెప్పారు. ఇందులో మాట్లాడుకునే భాగం కొంతే, చేసే భాగమే ఎక్కువ. ఆ చేసేవాటిలో రెండింటిది ప్రధానమైన పాత్ర.

ఒకటి, 1972లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ బూట్జిన్ చెప్పిన పద్ధతి. నిద్ర ముంచుకొస్తేనే పక్క ఎక్కాలి. ఇరవై నిమిషాలైనా పట్టలేదనిపిస్తే, గడియారం చూడకుండానే లేచి వేరే చోట కూర్చోవాలి. మళ్లీ కళ్లు మూతలు పడితేనే రావాలి. మన ఇళ్లలో దీనికి ఎదురయ్యే మొదటి అడ్డంకి ప్రేమ. రాత్రి ఒంటిగంటకు హాల్లో కూర్చుంటే అమ్మ లేచి వచ్చి, ‘ఊరికే కళ్లు మూసుకుని పడుకో, అదే పడుతుంది’ అంటుంది. ఆ సలహా సరిగ్గా తిరగబడినది: మెలకువగా పక్క మీద దొర్లిన ప్రతి గంటా ఆ పక్కను మెలకువకు అలవాటు చేస్తుంది. ఒకే గదిలో నలుగురు పడుకునే ఇంట్లో వేరే చోటు ఎక్కడిదని అడగవచ్చు. వంటింటి గుమ్మం దగ్గర ఒక కుర్చీ, వేసవిలో డాబా మెట్లు చాలు. ముందే ఇంట్లోవారికి చెప్పి ఉంచితే ఎవరూ కంగారు పడరు.

రెండవది పక్క మీది సమయాన్ని కుదించడం. ఒక వారం నిద్ర డైరీ రాయాలి. ఉదాహరణకు రాత్రి 10కి పడుకుని పొద్దున 7కి లేస్తే పక్క మీద 9 గంటలు. అందులో నిజంగా నిద్రపోయింది సగటున ఐదున్నర గంటలే అనుకుందాం. అంటే 61 శాతం. ఇప్పుడు పక్క మీద ఉండేది కూడా ఐదున్నర గంటలే కావాలి: రాత్రి 12.30 నుంచి పొద్దున 6 దాకా. మొదటి వారంలో నిద్ర ఇంకా తగ్గి 5 గంటలే వచ్చినా ఫరవాలేదు, అది పక్క మీది సమయంలో 91 శాతం. 85 శాతం దాటి నిలకడగా ఉంటే, పడుకునే వేళను వారానికి 15 నిమిషాలు ముందుకు జరుపుతూ పోవాలి. ఎంత తక్కువ నిద్ర వచ్చినా పక్క మీది సమయాన్ని ఐదు గంటలకన్నా తగ్గించకూడదు.

‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్న సామెత ఈ చికిత్సకు సారాంశం. పగలంతా నాట్లు వేసి వచ్చినవాడికి నులకమంచం చాలు. మనం పొద్దున తొమ్మిది దాకా పడుకుని, మధ్యాహ్నం కునుకు తీసి ఆ నిద్రాకలిని ముక్కలు ముక్కలుగా తీర్చేసుకున్నాం కనుక, రాత్రికి మెత్తటి పరుపు మీద కూడా అది రాదు. ఆకలిని తిరిగి పోగు చేయడమే ఇక్కడ పని.

మొదటి పది రోజులు నరకమనే చెప్పాలి. పగలు తల దిమ్ముగా ఉంటుంది. రాత్రి 12.30 దాకా మెలకువగా ఉండటానికి నేను నిలబడి బట్టలు మడతపెట్టిన రోజులున్నాయి. అందుకే లారీ, బస్సు, ఆటో నడిపేవారు, యంత్రాల దగ్గర పనిచేసేవారు, మూర్ఛ ఉన్నవారు, బైపోలార్ సమస్య ఉన్నవారు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు.

ఇంకో అడ్డంకి మనిషి దొరకడం. ఈ చికిత్స తెలుగులో చేయగల క్లినికల్ సైకాలజిస్టులు పెద్ద నగరాలు దాటితే అరుదు. వీడియో కాల్‌లో చేయించుకున్నా ఇది బాగానే పని చేస్తుంది కనుక ఊరు దూరమన్నది ఇప్పుడు మునుపటంత అడ్డు కాదు. ఇంగ్లీషు ఇబ్బంది లేనివారికి యాప్‌లున్నాయి. అమెరికా మాజీ సైనికుల శాఖ తయారుచేసిన ‘ఇన్సోమ్నియా కోచ్’ ఉచితం. బ్రిటన్‌లో స్థిరపడినవారికి, అక్కడ ఏ చికిత్స వాడవచ్చో సూచించే నైస్ సంస్థ 2022లో సిఫారసు చేసిన ‘స్లీపియో’ ఉంది. యాప్‌తో వచ్చిన చిక్కల్లా, మూడో వారంలో విసుగెత్తినప్పుడు వెనక్కి లాగే మనిషి లేకపోవడమే.

## మాత్రలు

ఒక్క రాత్రిలో ఫలితం ఇచ్చేది మాత్ర ఒక్కటే, దాన్ని తక్కువ చేసి చెప్పడం నిజాయతీ కాదు. ఇంట్లో చావు జరిగి నాలుగు రోజులుగా రెప్ప వేయని మనిషికి డైరీ రాయమని చెప్పడం క్రూరత్వం. వైద్యుడు వారం పది రోజులకు ఒక మాత్ర రాస్తే వేసుకోవచ్చు. చిక్కు ఆ వారం తర్వాత మొదలవుతుంది.

మన దగ్గర ఎక్కువగా కనబడేవి ఆల్ప్రాజొలామ్, క్లోనజెపామ్, జోల్పిడెమ్. మొదటి రెండూ బెంజోడయజెపైన్లు అనే మందుల కుటుంబానికి చెందినవి. కొన్ని వారాలు వరసగా వాడినా చాలు, శరీరం అలవాటు పడుతుంది, ఒక్కసారిగా ఆపితే వణుకు, తీవ్రమైన ఆందోళన, ఒక్కోసారి మూర్ఛ కూడా రావచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 సెప్టెంబరులో, అంటే కరోనా మధ్యలోనే, ఈ కుటుంబం మందులన్నిటి మీదా అలవాటు ప్రమాదం గురించి అత్యున్నత స్థాయి హెచ్చరికను ముద్రించమంది. జోల్పిడెమ్ వేసుకుని నిద్రలోనే లేచి నడవడం, వంట చేయడం వంటివి జరిగినందున దాని మీద 2019లోనే అలాంటి హెచ్చరిక పడింది. మన దేశంలో ఆల్ప్రాజొలామ్, జోల్పిడెమ్ రెండూ షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చిన వివరాలు మెడికల్ షాపువారు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. 2020 మార్చి నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే మందులను ఫోను సంప్రదింపులో రాయనివ్వలేదు. దాంతో లాక్‌డౌన్‌లో పట్టీ అయిపోయినవారు హఠాత్తుగా మానవలసి వచ్చి అల్లాడారు.

మెలటోనిన్ వేరే జాతి. అది మత్తు ఇవ్వదు, రాత్రి అయిందని శరీరానికి కబురు చెబుతుంది. లాక్‌డౌన్‌లో తెల్లవారుజామున మూడింటికి పడుకోవడం అలవాటైన కాలేజీ పిల్లలకు, అమెరికా వేళల్లో పనిచేసి మళ్లీ పగటి ఉద్యోగానికి మారినవారికి ఉపయోగపడవచ్చు. దిగులుతో వచ్చిన నిద్రలేమికి దాని మీద పెద్ద ఆశ పెట్టుకోనక్కరలేదు. జలుబు, అలర్జీ మాత్రలను నిద్ర కోసం వేసుకోవడం మానుకోవలసిన అలవాటు. పెద్దవారిలో అవి మూత్రం బిగబట్టడానికి, మతిమరుపుకు, తడబాటుకు దారితీస్తాయి. అశ్వగంధకు చిన్న ప్రయోగాల్లో కొంత మేలు కనిపించింది, కాని గర్భిణులు, థైరాయిడ్, కాలేయ సమస్యలున్నవారు వైద్యుణ్ని అడగకుండా వాడరాదు.

ఇక మద్యం. ఒక పెగ్గు కునుకు త్వరగా తెస్తుంది, తర్వాతి సగం రాత్రిని చెదరగొడుతుంది. రెండింటికి మెలకువ వచ్చేవారు తమ గ్లాసును ముందు అనుమానించాలి. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో దుకాణాలు మూతపడ్డాక మద్యం మాన్పుడు లక్షణాలతో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తారు. వారి మొదటి ఫిర్యాదుల్లో నిద్రపట్టకపోవడం ఒకటి.

## మీరు ఎవరైతే ఏది

నిద్ర చెడి మూడు, నాలుగు వారాలే అయితే, ఒకే వేళకు లేవడం, పగటి నిద్ర మానడం, సాయంత్రం యోగనిద్ర చాలు. పోయిన నిద్రను పూడ్చుకోవాలని పెందరాళే పక్క ఎక్కడం మాత్రం చేయకండి. చాలామందికి ఈ దశలో అది దానంతటదే సర్దుకుంటుంది.

మూడు నెలలు దాటితే నేను నిస్సంకోచంగా సీబీటీ-ఐ వైపే మొగ్గుతాను, నిపుణుడు దొరికితే నిపుణుడితో, లేకపోతే యాప్‌తో. డబ్బు, సమయం రెండూ తక్కువైనవారు కనీసం నిద్ర డైరీ ఒక్కటీ రాసి, లేచే వేళను మేకు కొట్టినట్టు నిలిపి, మెలకువగా ఉన్నప్పుడు పక్క దిగే నియమం పెట్టుకుంటే చికిత్సలో సగం చేసినట్టే.

షిఫ్టుల్లో పనిచేసే నర్సులకు, పోలీసులకు సీబీటీ-ఐ నియమాలు ఉన్నదున్నట్టు కుదరవు. నైట్ డ్యూటీ ముందు ఒక కునుకు, ఇంటికి వచ్చేటప్పుడు నల్లకళ్లద్దాలు, పగలు పడుకునే గదికి ముదురు పరదా వారికి మెరుగు.

అరవై ఐదు దాటినవారు రాత్రి బాత్‌రూమ్‌కు లేచి మత్తులో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, నిద్రలేమి దాని ముందు ఎంతపాటి కష్టం? వారికి మాత్ర ఆఖరి మాటగానే ఉండాలి.

కుంగుబాటు, పానిక్, కోవిడ్ వార్డు దృశ్యాలు పీడకలలుగా తిరిగి రావడం ఉన్నవారు నిద్ర చిట్కాలతో కాలయాపన చేయకుండా మానసిక వైద్యుణ్ని కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే అదే రోజు ఎవరితోనైనా మాట్లాడాలి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే ఫోను చేయవచ్చు.

చివరగా, 2020లో మొదలుపెట్టిన మాత్ర ఇంకా వేసుకుంటున్నవారు. వీరు ఈ వ్యాసం చదివి రేపే మానేయకూడదు. వాడుతున్న పట్టీని, రెండు వారాల నిద్ర డైరీని వెంట తీసుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5, 10 శాతం చొప్పున మోతాదు దించుతారు. పక్కనే సీబీటీ-ఐ నడిస్తే దిగడం సులువవుతుంది. మా పెద్దమ్మకు ఆల్ప్రాజొలామ్ అలా దిగడానికి దాదాపు పది నెలలు పట్టింది. సగం మాత్ర దాకా తొందరగానే వచ్చింది గాని, ఆఖరి పావు మాత్ర దగ్గర రెండుసార్లు వెనక్కి వెళ్లవలసి వచ్చింది. వైద్యుడు కోప్పడకుండా, మళ్లీ మెట్టు పైనుంచి మొదలుపెట్టమన్నారు. ఆ చివరి పట్టీని ఆవిడ ఇంకా పారేయలేదు. దేవుడి గూట్లో కుంకుమ భరిణ వెనుక ఉంది, ఆరు మాత్రలు మిగిలాయి, గడువు దాటి చాలా కాలమైంది.